కాలవ అవతలి వంత

రేపల్లె,
3 ఫిబ్రవరి 1989.

నడుమ నిలబడే మా రాజారత్నం బావకి,

పక్కన నిలబడే సీమోను వందనాలు. అక్క రిబ్కా ఆరోగ్యం, నీ గొంతు ఆరోగ్యం రెండూ బాగున్నాయని తలుస్తున్నాను. ఏది ముందు అడగాలో తెలియక ఒకే వాక్యంలో అడిగేశాను. అక్కకి ఈ ముక్క చదివి వినిపించకు.

నిన్ను తెనాలి రైలెక్కించి వచ్చిన దగ్గర్నించి నేను పూర్తిగా మెలకువలో లేను. మిల్లులో గుమాస్తా కుర్చీలో కూర్చున్నానన్న మాటే గానీ, కాగితం మీద పొగమంచు పరుచుకుంటోంది. లంకలో ఆ సాయంత్రం కృష్ణ మీద నుంచి వచ్చిన మంచు ఇంకా నా కళ్ళలోంచి పోలేదు. పడవలు కనపడలేదు, పడవల్లోని లాంతర్లు మాత్రం నీళ్ళ మీద వాటంతటవే నడిచి వస్తున్నాయి. మనం డక్కీల తోలు బిగియాలని గడ్డిమంట సెగ చూపిస్తుంటే జనం ఎక్కడ కూర్చున్నారో, అసలు వచ్చారో లేదో కూడా తెలియలేదు. నువ్వు తంబురా మీటి మొదటి చరణం ఎత్తుకున్నాక మంచులోంచి ఎవరో దగ్గారు. లంక మొత్తం మన ముందే కూర్చుని ఉందని అప్పుడు తెలిసింది.

ఆ బుర్రకథ పని చేసింది బావా. రెల్లు కొట్టి, మెరక వేసి, ఒండ్రు నేలని సాగులోకి తెచ్చిన కూలీలకే లంక కౌలు ఇవ్వాలని పాడాం గదా. మొన్న పాలెం పాలెమంతా కదిలొచ్చి ఇక్కడి రెవెన్యూ ఆఫీసు ముందు కూర్చుంది. ఈ ఏడు కౌలు కూలీల సంఘానికేనని ఆఫీసరు ఒప్పుకున్నాడు. మన కథలోని వెంకాయమ్మ పెద్దమ్మ బుట్టెడు దోసకాయలు తెచ్చి మా గుమ్మంలో పెట్టి, "మీరు ముగ్గురూ ఒకే మాట పలికారు గనక మేమంతా ఒకే దారిన నడిచాం నాయనా" అంది. ఎడమ పక్కన హాస్యం చెప్పే మన చౌడయ్యన్నకి కూడా ఈ మాట రాశాను. ఆయన బాపట్లలో మగ్గం గుంటలో దిగి ఉంటాడు, అక్కడ కూర్చునే నవ్వుకుంటాడు.

తిరుగు పడవలో మన శ్రమజీవి పార్టీ పెద్దలిద్దరినీ గమనించావా? మీ తెనాలి లక్ష్మయ్య గారి గోంగూర మా బర్నబాస్ గారు, బర్నబాస్ గారి చేపల పులుసు లక్ష్మయ్య గారు తిన్నారు. పార్టీ గుర్తు తాటాకు గొడుగు వాళ్ళిద్దరి నడుమ పడుకుని ఉంది. అది చూస్తుంటే నాకు ఎందుకో కడుపు నిండిపోయింది.

ఒక్క ఇబ్బంది. నిన్న మిల్లు యజమాని ఫోన్లో ఎవరితోనో గొంతు పైకెత్తి "మరి ఆ తర్వాత ఏమైందంటే" అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి "తందాన తాన" అన్నాను. ఇంటికొచ్చి చెబితే, ఇది నయం కాదని నీ చెల్లెలు కుమారి తేల్చేసింది.

నీ కుడి వంత,
సీమోను


తెనాలి,
11 ఫిబ్రవరి 1989.

కుడి వంత సీమోనుకి,

మీ బావ దీవెనలు. మీ అక్క నా భుజం మీదుగా ఈ ఉత్తరం చూస్తోంది కాబట్టి ముందు ఆవిడ ఆరోగ్యం: దివ్యంగా ఉంది. నీ మొదటి వాక్యాన్ని నాకంటే ముందు చదివింది. ఈసారి వచ్చినప్పుడు నీకు కాఫీ ఉండదట.

రోజంతా ప్రెస్సులో అక్షరాలు తిరగేసి పేర్చేవాడికి సాయంత్రానికి లోకం కూడా అద్దంలో కనపడినట్టే ఉంటుంది. మొన్న మధ్యాహ్నం అక్షరాల కేసు ముందు నిలబడే కునుకు తీశాను. కలలో రేపల్లె పాసింజరు పట్టాల మీద కాకుండా కాలవలో పోతోంది. పార్టీ వాళ్ళందరూ అందులోనే ఉన్నారు. వేమూరు దగ్గర వరి చేలు కిటికీల దాకా వచ్చి ఊగుతున్నాయి. ఎవరికీ ఎక్కడా దిగాలని లేదు. ప్రెస్సు ఓనరు భుజం తట్టకపోతే నేనూ దిగేవాణ్ణి కాదు.

నీ జబ్బు జబ్బు కాదోయ్. నువ్వు మా మేనమామ కొడుకువి, మా నాన్న చేతి కింద నేర్చుకున్నవాడివి. ఆయన నియమం గుర్తుందా? కథకుడు చరణం చివర గొంతు పైకెత్తి వదిలేస్తాడు. ఆ ఖాళీ వంతది. వంత పలికేదాకా కథకుడు అడుగు ముందుకు వేయకూడదు. ఆ ఖాళీ ఎక్కడ వినపడినా నింపమని నీ నోటికి చిన్నప్పుడే నేర్పారు. మిల్లు యజమానికి ఆ సంగతి తెలియదు, అంతే.

ఇక్కడ ఒక గుసగుస నడుస్తోంది. వచ్చే ఎన్నికల్లో మనం ఒక పెద్ద పార్టీతో పొత్తు పెట్టుకుంటామట. పొత్తు ఉంటే లంకకి ఏటేటా కౌలు కాదు, ఏకంగా పట్టాలే వస్తాయని లక్ష్మయ్య గారి ఆలోచన. అవన్నీ పెద్దవాళ్ళు చూసుకుంటారు. మనకేం, నేనెటు తిరిగితే తంబురా అటు, తంబురా ఎటు తిరిగితే మీ డక్కీలు అటు.

మేలో బాపట్లలో కథ ఉంది. సూర్యలంకలో ఒక పూట సముద్రం చూద్దాం.

మీ బావ,
రాజారత్నం


రేపల్లె,
20 సెప్టెంబరు 1989.

బావకి,

సీమోను వందనాలు. ఇక్కడ వానలు. మా వీధి నీళ్ళలో తాటాకు గొడుగు బొమ్మ ఉన్న కాగితాలు తేలుతున్నాయి. అవి మీ గొడుగులో మా గొడుగులో తీసి చూస్తే గానీ తెలియదు.

పార్టీ చీలిన వైనం నీకు ఎలా చెప్పారో నాకు తెలియదు. నేను చూసింది రాస్తున్నాను. బర్నబాస్ గారు మంగలి కుర్చీలో కూర్చుని ఉన్నారు, నేను బల్ల మీద నా వంతు కోసం ఉన్నాను. పక్కాయన పేపరు పైకి చదువుతున్నాడు. పొత్తు ఖాయం, వేమూరు సీటు పెద్ద పార్టీకి వదిలేశాం, ఒప్పుకున్నది లక్ష్మయ్య గారు. బర్నబాస్ గారు ఒక చెంప నురగతోనే లేచి నిలబడ్డారు. ఇంటిదాకా అలాగే నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఒక్క మాట అన్నారు. "అడిగితే ఒప్పుకునేవాణ్ణేమో సీమోనూ. అడగలేదు గదా."

మర్నాటికి రెండు పార్టీలయ్యాయి. పొత్తు మంచిదా చెడ్డదా అని ఇప్పుడు రెండు వైపులా పెద్ద పెద్ద మాటలు చెబుతున్నారు. నాకు మాత్రం ఆ నురగ చెంపే కనపడుతోంది.

ఇక మన సంగతి. నిన్న స్టేషను గోడ మీద పోస్టరు చూశాను. లక్ష్మయ్య గారి సభలో రాజారత్నం బృందం బుర్రకథ, వంతలు సీమోను, చౌడయ్య. కింద మీ ప్రెస్సు పేరు. నేను బర్నబాస్ గారి ఊళ్ళో బతికేవాణ్ణి బావా. స్టేషన్లో జనం గోడ చూసి నా మొహం చూశారు. నన్నెవరు అడిగారు? నువ్వు ఇటు రావచ్చు గదా అని నేనైనా అడుగుతున్నాను. వస్తావా?

నా డక్కీ మేలో మీ ఇంట్లో వదిలాను. అక్కకి నమస్కారాలు.

సీమోను


తెనాలి,
2 అక్టోబరు 1989.

సీమోనుకి,

పోస్టరు నేనే పేర్చాను. నీ పేరు పేర్చేటప్పుడు నిన్ను అడగాలని నాకు తోచలేదు. నా చెయ్యి నన్నడిగి కదులుతుందా? నీ ఉత్తరం చదివాక తెలిసింది, అది నా చెయ్యి కాదని.

లక్ష్మయ్య గారికి హైదరాబాదులో ఒక్క పూట గడువిచ్చారు. బర్నబాస్ గారికి ట్రంకాల్ చేస్తే కలవలేదు. కలిసి ఉంటే చెప్పేవారే. నలుగురి పని జరగాలంటే ఒక్కోసారి ఒకడు ముందు నడవాలి, మిగతావాళ్ళు నమ్మాలి. బర్నబాస్ గారికి లంక పట్టాలకంటే తన అలకే ఎక్కువైంది. నువ్వు ఆ అలకకి డక్కీ కొడతానంటే కొట్టు. నేను అటు రాను.

నీ డక్కీ చౌడయ్య చేత పంపుతున్నాను. నీది నీ దగ్గర ఉండటమే మంచిది.

చౌడయ్య ఎటూ రానంటున్నాడు. ఒక గొడుగుని రెండు చేస్తే ఏ ముక్క కింద నిలబడ్డా ఒక భుజం తడుస్తుంది, నాకసలే కీళ్ళనొప్పులు, అని మగ్గం దగ్గరికి పోయాడు. మా ప్రెస్సు బైండరు అంద్రెయ కుడి పక్కన నిలబడతానన్నాడు. మంచివాడు. పుస్తకం కుట్టినట్టే పాడతాడు, కుట్టు కుట్టుకీ ఆగుతాడు.

మీ అక్క ఇద్దరితోనూ మాట్లాడనంటోంది.

రాజారత్నం


తెనాలి,
13 నవంబరు 1989.

నా కుడి వంతకి, నా సీమోనుకి,

నిన్న వేమూరులో జరిగింది నిజమో కలో తేల్చుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ అక్క నిజమేనంటోంది. నవ్వుతోంది కూడా.

కాలవకి ఇటు మా సభ, అటు మీ సభ. పొద్దు వాలుతోంది. నీళ్ళ మీద ఎర్రటి ఎండ, రెండు గట్ల మీదా రెండు గొడుగులు. మా మైకులో నేను లంక కథ చెబుతున్నాను, పాత కథే. మీ సభలో ఎవరో నాయకుడి కోసం ఎదురుచూస్తున్నట్టున్నారు, సందడి లేదు. వెంకాయమ్మ మొదటి గంప మట్టి ఎత్తే చరణం నీకు తెలుసు గదా. గొంతు పైకెత్తి వదిలాను. పక్కన అంద్రెయ పలకలేదు. అటు జనాన్ని చూస్తూ మైమరచిపోయాడు. ఆ ఖాళీ అలా నిలిచిపోయింది. అడుగు ముందుకు వేయలేక, నోరు తెరవలేక నిలబడిపోయాను.

అప్పుడు కాలవ అవతలి మైకులోంచి వచ్చింది. తందాన తాన. నీ గొంతు. సరిగ్గా నీ చోట, నీ శ్రుతిలో.

ఇటు జనం, అటు జనం అందరూ ఒక్కసారి నీళ్ళవైపు తిరిగారు. నేను ఆలోచించలేదు, తర్వాతి చరణం ఎత్తుకున్నాను. మళ్ళీ నువ్వు పలికావు. ఆ ఘట్టం అయ్యేదాకా కథ కాలవ మీదుగా అటూ ఇటూ నడిచింది. రెండు సభలూ ఎవరివో ఎవరికీ గుర్తు లేనట్టు కూర్చున్నాయి. ఎండ పోయింది. మీవాళ్ళెవరో మైకు ఆపేశారు.

మళ్ళీ మా వైపు వచ్చేశావని నాకు తెలిసిపోయింది, నువ్వు చెప్పకపోయినా. ఆ సంతోషం పట్టలేక పొద్దున్నే కరపత్రం పేర్చాను. కుడి వంత తిరిగి వచ్చాడు, విడిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు అని. ఈ ఉత్తరం అందేపాటికి అదీ రేపల్లె చేరి ఉంటుంది. మీ అక్క అరిసెలు వండుతోంది. ఆదివారం రా.

మీ బావ,
రాజారత్నం


రేపల్లె,
19 నవంబరు 1989.

శ్రీ రాజారత్నం గారికి,

మీ కరపత్రం చేరింది. మా గుమ్మానికి కూడా ఒకటి అంటించారు.

నేను ఎవరి వైపూ రాలేదండి. మైకు నా ముందు ఉంది, మీ గొంతు గాలిలో వచ్చింది, ఆ ఖాళీ వినపడింది. నోరు పలికింది. మిల్లులో పలికినట్టే పలికింది. పలికాక ఆపుకోలేకపోయాను, అది కూడా నిజమే. ఆ కాసేపూ నేను ఏ పార్టీవాణ్ణో నాకు తెలియలేదు. కానీ అది నా సంగతి. దాన్ని అచ్చు వేసే ముందు మీరు ఒక కార్డు ముక్క రాసి ఉంటే ఇదే చెప్పేవాణ్ణి.

బర్నబాస్ గారు నన్ను పార్టీ నుంచి తీసేశారు. అమ్ముడుపోయానని చర్చి మెట్ల దగ్గర నా వెనక అనుకుంటున్నారు. కుమారి బజారుకి వెళ్ళడం మానేసింది. గత్యంతరం లేక, మీ కథని వెక్కిరించడానికే అలా పలికానని సభలో నిలబడి చెప్పాను. ఆ మాట మీ దాకా వచ్చి ఉంటుంది. వచ్చే ఉంటుంది.

మీరు పంపిన డక్కీ చేరింది. వెళ్ళగొట్టినవాడి సామాను గుమ్మంలో పెట్టినట్టు పంపారు. మూట విప్పలేదు, విప్పను. అటక మీద ఉంది.

అరిసెలు అక్కని తినమనండి. ఇకపై ఉత్తరాలు రాయకండి.

సీమోను


రేపల్లె,
9 అక్టోబరు 1994.

బావకి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను. అందుకని నిన్నటి పేపరుతో మొదలుపెడుతున్నాను. నువ్వూ చూసే ఉంటావు. లక్ష్మయ్య గారు, బర్నబాస్ గారు ఒకే గొడుగు కింద నిలబడి నవ్వుతున్న ఫోటో. పార్టీలు రెండూ కలిసిపోయాయట. గతం మరిచిపోయి పని చేయాలని కార్యకర్తలకి పిలుపు. బావా, వాళ్ళు విడిపోయిన సంగతీ మనకి పేపర్లోనే తెలిసింది, కలిసిన సంగతీ పేపర్లోనే తెలిసింది. ముందు కోపం వచ్చింది, తర్వాత చాలాసేపు నవ్వాను. కుమారి భయపడింది.

వాళ్ళు మరిచిపోతారు. లంక ఎలా మరిచిపోతుంది? ఆ ఎన్నికల్లో ఓట్లు చెరిసగమై రెండు గొడుగులూ ఓడిపోయాయి. మరుసటి ఏడు కౌలు సమయానికి మీవాళ్ళు ఒక అర్జీ, మావాళ్ళు ఒక అర్జీ పెట్టారు. ఇద్దరూ రాసింది ఒకటే, అవతలివాళ్ళ సంఘం అసలు సంఘం కాదని. ఇద్దరి మాటా నమ్మి ఆఫీసరు రెండూ పక్కన పెట్టి లంకని వేలం వేశాడు. ఎక్కడివాడో పాడుకున్నాడు. వెంకాయమ్మ తను మెరక వేసిన నేల మీదే కూలికి వెళుతోంది.

ఇప్పుడు మళ్ళీ వేలం రోజు దగ్గర పడుతోంది. మొన్న పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, అందరూ మళ్ళీ ఆఫీసుకి కదలాలి, పార్టీ కూడా ఒకటైందని చెప్పాను. ఆవిడ నారు కట్టలు సర్దుకుంటూ తల కూడా ఎత్తలేదు. "పార్టీ ఒకటైతే మాకేంటయ్యా? మీరు ముగ్గురూ ఒక మైకు ముందు నిలబడండి, మేం వస్తాం. లేకపోతే ఎవరి గంప వాళ్ళదే" అంది. పాలెమంతా అదే మాట మీద ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాన. అటక కారుతోందని కుమారి సామాను దించింది. మూట తడుస్తుందేమోనని విప్పాను. మేలో నేను నీ దగ్గర వదిలినప్పుడు తోలు సడలిపోయి, కొడితే పిడకల బుట్ట మోగినట్టుండేది. ఇది అది కాదు. కొత్త తోలు. తెల్లగా, బిగువుగా, ఒక్క దెబ్బ కూడా తగలకుండా ఉంది. వేలితో ఒకసారి తట్టాను. వానలో కూడా గణగణమంది. పక్కగదిలోంచి కుమారి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ మోత ఇంట్లోంచి పోవడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది, నిజానికి అంతసేపు ఏమీ పట్టి ఉండదు.

ఎప్పుడు వేయించావు? ఎందుకు రాయలేదు? నువ్వు నన్ను తరిమేశావనే ఇన్నేళ్ళూ బతికాను.

అక్క ఏటా చర్చి పండక్కి ఇక్కడికి వస్తుంది. నీ గురించి అడుగుదామని పక్కన కూర్చుని, తెనాలిలో దోసకాయలు ఎలా ఉన్నాయని అడిగేవాణ్ణి. పాపం ఆవిడ దోసకాయల గురించే చెప్పేది.

నాకు తరచు ఒక కల వస్తోంది. కాలవ అవతలి గట్టున నువ్వు కథ చెబుతుంటావు. నోరు కదులుతుంటుంది, గొంతు వినపడదు. ఎక్కడ పలకాలో తెలియక నేను నీళ్ళలోకి దిగుతాను. నీ గొంతు ఎలా ఉంది బావా?

సీమోను


తెనాలి,
21 అక్టోబరు 1994.

సీమోనుకి,

మీ బావ దీవెనలు. నీ చివరి ప్రశ్న మీ అక్క పైకి చదవలేక కాగితం నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా గొంతు పోయింది సీమోనూ. ఈ ఏడు ఈస్టరు ముందు శ్రమదినాల్లో గుంటూరులో ఆపరేషను చేశారు. బతికి బయటపడ్డాను, అది దేవుడి దయ. పాట మాత్రం రాదు. ఒకటి రెండు మాటలు వస్తాయి, కంకర మీద బండి నడిచినట్టు. నీకు కబురు పెడతానని మీ అక్క మంచం పక్కనే పట్టుబట్టింది. వాడు అడిగితే చెప్పు, అడక్కపోతే కుమారికి కూడా చెప్పొద్దన్నాను. పండక్కి వచ్చి వెళ్ళాక, అడిగాడా అన్నాను. దోసకాయలు అడిగాడు అంది. ఆ రోజు నాకు వచ్చిన కోపం నువ్వు చూడాల్సింది. అరవడానికి గొంతు లేదు గనక ఇల్లు నిలబడింది.

తోలు సంగతి. మేలో నువ్వు వెళ్ళాక డక్కీ చూసి నా మనసు ఊరుకోలేదు. చేబ్రోలులో మా నాన్నకి వేసిన ఆయనే ఇంకా ఉన్నాడంటే వెళ్ళి వేయించాను. పోట్లాట వచ్చాక, మంచి డక్కీ లేకుండా నువ్వు వాళ్ళ సభలోనైనా తేలిపోకూడదనిపించింది. అందుకే పంపాను. ఎందుకు రాయలేదంటే, ఒక్క దెబ్బ వేస్తే వాడికే తెలుస్తుందిలే అనుకున్నాను. నువ్వు విప్పనే లేదని ఇప్పుడు తెలిసింది.

వేమూరులో వెక్కిరించావని విన్నప్పుడు నేను నమ్మాను. ఎంత తెలివితక్కువవాణ్ణి. వెక్కిరించేవాడు అంత శ్రుతిలో పలకడు.

ఇప్పుడు వెంకాయమ్మ మాటకొద్దాం. నేనిక నడుమ నిలబడలేను. అలాగని ఇంట్లో కూర్చోలేను. ఈమధ్య తెల్లవారుఝామున ప్రెస్సుకి పోతూ కాలవ గట్టున ఎవరూ లేనిచోట పలికి చూసుకుంటున్నాను. తందాన తాన అనడానికి సరిపోయేంత గొంతు ఉంది. బాగా లేదు, కానీ సమయానికి వస్తోంది. వంతకి కావలసింది అదే గదా.

తంబురా తెచ్చి నీకిస్తాను. నువ్వు నడుమ నిలబడి కథ చెప్పు, కుడి పక్కన నేను నిలబడతాను, ఆ డక్కీ నాకియ్యి. ఇది ఇంకా ఏ పోస్టరు మీదా పేర్చలేదు. లక్ష్మయ్య గారికి చెప్పలేదు, మీ అక్కకి కూడా చెప్పలేదు. ముందు నిన్ను అడుగుతున్నాను. నిలబడతావా?

మీ బావ,
రాజారత్నం


రేపల్లె,
30 అక్టోబరు 1994.

మా బావకి,

నీ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఇది రాజకీయం కాదు గదా, రాసేస్తున్నాను. గొంతు పోయిన మనిషి పక్కన లేకుండా దోసకాయల గురించి మాట్లాడిన నా నోరు ఏమైపోవాలి?

వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం, ముందు బాపట్ల వెళ్ళాను. చౌడయ్యన్నని అడక్కుండా నీకు ఒప్పుకోకూడదనిపించింది. మగ్గం గుంటలోంచి లేచి నన్ను సూర్యలంక తీసుకెళ్ళాడు. మేలో ముగ్గురం చూద్దామనుకుని చూడలేకపోయిన సముద్రం ఇదేనని చూపించాడు. ఇసుకలో కూర్చుని అంతా చెప్పాను. ఆయన అలలవైపే చూస్తూ, "నా ఎడమ పక్క ఎవరూ తీసుకోలేదు గదా, అయితే వస్తా" అన్నాడు. నీళ్ళు వచ్చి మా చెప్పులు తడిపి వెనక్కి పోయాయి. ఆ పూట ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను బావా, మళ్ళీ లంకలో ఆ మంచులో కూర్చున్నట్టే ఉంది.

పెద్దలిద్దరూ కబురు పంపారు. లంకలో మన కథకి ముందు స్టేజీ మీద కూర్చుంటారట, గొడుగు పెట్టించమన్నారు. కథ పెద్దమ్మది, ఆవిణ్ణి అడిగాను. "కింద మా పక్కన చాప మీద కూర్చోమను, ఎవరు కాదన్నారు" అంది. అదే చెప్పాను. బర్నబాస్ గారు, లక్ష్మయ్యకి మోకాళ్ళ నొప్పులు, చాప మందంగా వేయండి అన్నారు. గొడుగు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక నా భయం. నిన్న మిల్లు వెనక గోదాములో తంబురా బదులు ఒక కర్ర భుజాన వేసుకుని నడుమ నిలబడి చూశాను. ఒక సంగతి తెలిసింది. నడుమ నిలబడ్డవాడికి ఎదురుగా ఉన్న జనమే కనపడతారు, పక్కనున్నవాళ్ళ మొహాలు కనపడవు. ఇద్దరూ ఉన్నారని నమ్మి చరణం ఎత్తడమే. నువ్వు ఇన్నేళ్ళూ అలా నిలబడ్డావని నాకు తెలియదు. నేను నీ పక్కన నిలబడి నిన్ను చూస్తూనే ఉండేవాణ్ణి గనక నువ్వూ నన్ను చూస్తున్నావనుకున్నాను.

అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కథ మొదలయ్యే ముందు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తిరిగి మిమ్మల్నిద్దరినీ అడుగుతాను. జనం నవ్వితే నవ్వనీ. కానీ స్టేజీ దాకా ఆగలేక ఇప్పుడే అడుగుతున్నాను. పెద్దమ్మ మొదటి గంప చరణంతోనే మొదలుపెడదామనుకుంటున్నాను.

ఎత్తుకోమంటావా బావా?

సీమోను


తెనాలి,
4 నవంబరు 1994.
(పోస్టు కార్డు)

కథకుడు సీమోనుకి,

వచ్చే శనివారం పొద్దున రేపల్లె పాసింజరుకి మీ అక్కా నేనూ వస్తున్నాం. చౌడయ్య తెనాలిలోనే మా పెట్టె ఎక్కుతాడు. తంబురాకి కొత్త తీగ వేయించాను, ఈసారి ముందే చెబుతున్నాను. స్టేషనుకి వచ్చేటప్పుడు డక్కీ తీసుకురా, దాన్ని కాస్త మచ్చిక చేసుకోవాలి. గడ్డి కూడా చూసుకో, లంకలో మంచు ఎక్కువ.

మీ అక్క ఈ కార్డు చివర ఇంకేదో రాయాలంటోంది. చోటు లేదన్నాను.

ఎత్తుకో.

నీ కుడి వంత,
రాజారత్నం